కొత్త ఫోన్: ఈఎంఐ కట్టాలా, అత్యవసర నిధి తీయాలా?

ప్రశ్న: నా ఫోన్ కొని నాలుగేళ్లయింది. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది, యాప్‌లు తెరుచుకోవడానికి చాలా సేపు పడుతోంది. ఒక టాప్ మోడల్ మీద మనసు పడింది. ధర నా నెల జీతం కన్నా కొంచెం ఎక్కువే. వడ్డీ లేకుండా 24 నెలల ఈఎంఐ ఇస్తామంటున్నారు. లేదంటే అత్యవసర నిధిలోంచి తీసి ఒకేసారి కట్టేయగలను. ఏది మేలు? పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయమంటారా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దంటాను. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ ఒకే చోట నుంచి వస్తుండొచ్చు. ఫోన్ బ్యాటరీ సుమారు 500 సార్లు పూర్తిగా చార్జ్ అయ్యేసరికి మొదటి సామర్థ్యంలో 80 శాతానికి పడిపోవడం చాలాకాలంగా ఉన్న లెక్క. కొత్త మోడళ్లలో కొన్ని 1000 దాకా నిలుస్తాయి. నాలుగేళ్లు వాడిన బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తే ఆశ్చర్యం లేదు. పైగా బ్యాటరీ నీరసిస్తే, ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండటానికి కొన్ని ఫోన్లు ప్రాసెసర్ వేగాన్నే తగ్గించుకుంటాయి. పాత ఐఫోన్లలో ఇలా జరుగుతోందని 2017లో ఆపిల్ స్వయంగా చెప్పింది. కాబట్టి ముందు అధీకృత సర్వీస్ సెంటర్లో బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో కనుక్కోండి. స్టోరేజ్ నిండిపోయినా ఫోన్ నత్తనడకే నడుస్తుంది. గ్రూపుల్లో వచ్చిపడ్డ వీడియోలు తీసేసి చూడండి, దానికి పైసా ఖర్చు లేదు.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ దగ్గర చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఈ మధ్యదే అయితే బ్యాటరీ మార్చుకుని ఇంకో ఏడాది, రెండేళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. అప్‌డేట్‌లు ఆగిపోయి ఏడాది దాటితే మాత్రం, బ్యాంక్ యాప్ ఉన్న ఫోన్ కాబట్టి, మార్చేయడమే మంచిది. అలాంటప్పుడు నేనూ కొనమనే చెబుతాను.

ఇక ‘వడ్డీ లేని’ ఈఎంఐ సంగతి. అదే ఫోన్‌కు ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి. ధర 100 అనుకుందాం. మొత్తం ఇప్పుడే కడితే 94కు ఇస్తారు, వాయిదాల్లో అయితే 100. ఆ 6 ఎక్కడికి పోయినట్టు? అదే వడ్డీ. రెండేళ్లకు 6 కదా అనిపించినా, వాయిదా కట్టేకొద్దీ మీ బాకీ నెలనెలా తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్క కడితే ఏడాదికి సుమారు 6 శాతం పడుతుంది. దానికి తోడు ప్రాసెసింగ్ ఫీజు కింద ఇంకో 2 ముందే తీసుకుంటే 8 శాతం దాటుతుంది. ఒకేసారి కట్టినా ఏ తగ్గింపూ లేదు, ఫీజూ లేదంటే అప్పుడు అది నిజంగానే వడ్డీ లేని వాయిదా. అలాంటిది తీసుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు, కానీ 24 నెలలు కాదు, 12 లోపు. రెండేళ్ల వాయిదా తీరేసరికి ఇంకో కొత్త మోడల్ ఊరిస్తుంటుంది. అలా ఏటికేడాది ఫోన్ ఈఎంఐ కడుతూనే ఉండేవాళ్లను చాలామందిని చూస్తుంటాను.

అత్యవసర నిధిని మాత్రం ముట్టుకోవద్దు. ఫోన్ నిదానంగా పనిచేయడం అత్యవసరం కాదు. ఆ ఈఎంఐ ఎంతో అంత మొత్తాన్ని ఈ నెల నుంచే విడిగా పక్కన పెట్టండి. ఆరేడు నెలలు అలా పెట్టగలిగితే వాయిదా కట్టే సత్తా ఉన్నట్టే, పైగా చేతిలో డబ్బూ ఉంటుంది.

మోడల్ ఎంచుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. గూగుల్ 2023లో వచ్చిన పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్ల అప్‌డేట్‌లు ఇస్తామని ప్రకటించాయి. ఆ ఏళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్క. అయినా నిరుటి టాప్ మోడల్ ధర తగ్గాక కొంటే, పోయేది ఒక ఏడాది అప్‌డేటే. నాకైతే అది మంచి బేరం.

కొన్న మొదటి వారంలోనే చిన్నచిన్న ఖర్చులు తగులుకుంటాయి. మూడు నెలలు ఉచితమంటూ వచ్చే మ్యూజిక్, వీడియో చందాలకు కార్డు వివరాలు ఇచ్చారంటే, ఉచిత గడువు ముగియడానికి రెండు రోజుల ముందుకు అదే ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. ‘క్లౌడ్ (ఫొటోలు, ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే చోటు) నిండిపోయింది, అప్‌గ్రేడ్ చేసుకోండి’ అన్న మెసేజ్ కూడా అప్పుడే వస్తుంది. ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, గూగుల్‌లో జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నీ కలిపి 15 జీబీ. ముందు చెత్త తీసేసి, అప్పటికీ చాలకపోతేనే కట్టండి. ఇన్సూరెన్స్ తీసుకునేటట్టయితే దొంగతనానికి వర్తిస్తుందా, రిపేరులో మీ వాటా ఎంత అన్న రెండు ప్రశ్నలు అడక్కుండా సంతకం పెట్టొద్దు. చాలా ఫోన్ల పెట్టెల్లో ఇప్పుడు చార్జర్ ఉండదు. పాతది సరిపోతుందేమో చూసుకున్నాకే కొత్తది కొనండి.

ఎక్స్‌చేంజ్ విషయానికొస్తే, పాత ఫోన్ బయట అమ్మితే ఎంతొస్తుందో ముందు తెలుసుకోండి. బోనస్‌తో కలిపి ఎక్స్‌చేంజ్‌లోనే ఎక్కువ వస్తే ఇచ్చేయండి, కానీ కొత్త ఫోన్ చేతికొచ్చిన రోజే పాతది అప్పగించే షరతు ఉంటే జాగ్రత్త. బ్యాంక్ యాప్ కొత్త ఫోన్లో మళ్లీ రిజిస్టర్ చేయాలి, లాగిన్ కోడ్‌లు ఇచ్చే అథెంటికేటర్ యాప్‌ను కొత్త ఫోన్‌లోకి మార్చుకోవాలి, చాట్ బ్యాకప్ వచ్చిందో లేదో తెరిచి చూసుకోవాలి. ఇవి పూర్తికాకముందే ఫోన్ చేయి దాటిపోతే సొంత ఖాతాలోకే వెళ్లలేక టెన్షన్ పడాల్సి వస్తుంది. కొంచెం తక్కువొచ్చినా, రెండు వారాలు దగ్గరుంచుకుని తర్వాత అమ్మడమే నయం. ఇచ్చే ముందు గూగుల్ లేదా ఆపిల్ అకౌంట్ నుంచి సైన్ అవుట్ అయ్యి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అకౌంట్ తీయకుండా ఇస్తే కొన్నవాళ్ల చేతిలో అది లాక్ అయిపోతుంది, మాట్లాడుకున్న ధరలో కోత పడుతుంది.