పడకకు ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్లు

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కర్నూల్లో మీ ఆసుపత్రి నిర్వహణ ఖర్చు చుట్టుపక్కల ఆసుపత్రులతో పోలిస్తే ఎట్లుందో తేల్చమని మేనేజ్‌మెంట్ నీకు అప్పజెప్పిందని రాశావు. నలుగురికి ఫోన్ చేసి "మీ కరెంటు బిల్లెంత?" అని అడిగి పట్టిక గీసేవు, ఆ పని మాత్రం వద్దు తల్లీ. రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టాలంటే, దేనితో భాగించామో అది రెండుచోట్లా ఒకటే కావాలి. బెంచ్‌మార్కింగులో (ఇట్లాంటి పోలిక పనిలో) మూడొంతుల కష్టం అక్కడే ఉంది.

ముందు విస్తీర్ణం తేల్చుకో. ఒకరు ప్లాన్ చూసి ప్లింత్ ఏరియా (గోడల మందం కలిపిన విస్తీర్ణం) చెప్తారు, ఇంకొకరు కార్పెట్ ఏరియా (గోడలు తీసేసి లోపల వాడుకునే నేల) చెప్తారు, మూడో ఆయన సెల్లార్ పార్కింగు కూడా కలిపి చెప్తాడు. ఏది ఎట్లా కొలవాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 3861లో ఉంది. పార్కింగు తీసేసిన ప్లింత్ ఏరియా పెట్టుకుంటే మేలు, ఎందుకంటే ఆ కాగితం అందరి దగ్గరా దొరుకుతుంది. అన్నీ చదరపు మీటర్లలోకి మార్చు. ఒక చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు. ఒక్క వరుసలో అడుగులు మిగిలిపోయినా పట్టిక మొత్తం తప్పుతుంది.

ఇక కరెంటు. ఏడాది బిల్లులు, అంటే 12 నెలలవీ కావాలి. మన సీమలో ఏప్రిల్, మే నెలల ఏసీ లోడు, డిసెంబరు లోడు ఒకటి కావు. హెచ్‌టీ (హై టెన్షన్ కనెక్షన్) బిల్లులో కేడబ్ల్యూహెచ్ (నిజంగా పనికొచ్చిన కరెంటు, మనం యూనిట్లు అనేవి), కేవీఏహెచ్ (లైను నుంచి లాగిన మొత్తం) రెండూ ఉంటాయి. డబ్బు లెక్క కేవీఏహెచ్ మీద, పోలికకు మాత్రం కేడబ్ల్యూహెచ్ తీసుకో. రెండింటి మధ్య తేడా ఎక్కువుంటే పవర్ ఫ్యాక్టర్ (లాగిన దాంట్లో పనికొచ్చిన వాటా) బాగాలేదని అర్థం, దాన్ని సరిచేసే కెపాసిటర్ ప్యానెల్ చూపించు.

చాలామంది పొరబడేది దీని తర్వాతే. ఒక ఆసుపత్రి ప్లింత్ ఏరియా 5,000 చదరపు మీటర్లు, బిల్లుల్లో ఏడాదికి 6,00,000 యూనిట్లు అనుకో. చదరపు మీటరుకు 120 యూనిట్లు వచ్చింది, బాగుందనిపిస్తుంది. పైకప్పు సోలార్‌లో లోపలే వాడేసుకున్నవి 60,000, జనరేటర్ ఇచ్చినవి 15,000 బిల్లులో కనపడవు. కలిపితే 6,75,000, చదరపు మీటరుకు 135. సోలార్ లేని ఆసుపత్రిని 120తో పోలిస్తే దానికి అన్యాయం చేసినట్టే.

ఆసుపత్రికి పడక లెక్క కూడా తియ్యి. రిజిస్టరైన పడకలు కాదు, రోగి ఉన్న పడక-రోజులు. 100 పడకలు, సగటున 65 శాతం నిండితే ఏడాదికి 23,725 పడక-రోజులు. పై 6,75,000 యూనిట్లను దానితో భాగిస్తే పడక-రోజుకు 28.5 వస్తుంది. అయితే సగం ఖాళీగా ఉన్న ఆసుపత్రికి ఈ అంకె పెరుగుతుంది, రోగులు తగ్గినా ఆపరేషన్ థియేటరు ఏసీ ఆగదు కదా. అందుకే చదరపు మీటరు అంకె, పడక-రోజు అంకె రెండూ పక్కపక్కనే ఉండాలి.

నీళ్ల దగ్గర మన ఊళ్లలో చిక్కేమిటంటే బోరుకు మీటరుండదు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, మోటారు వేసిన పది నిమిషాల తర్వాత స్టాప్‌వాచ్‌తో నింపించు. 80 సెకన్లలో నిండితే నిమిషానికి 150 లీటర్లు. నాలుగు గంటలు నడిస్తే 36,000. నెలకోసారి మళ్లీ కొలవాలి. ఎండాకాలం నీటిమట్టం దిగితే అదే మోటారు అదే నాలుగు గంటల్లో చాలా తక్కువ పోస్తుంది, జనవరి కొలతతో మే నెల లెక్క కట్టకూడదు. మున్సిపల్ నీళ్లు, ట్యాంకర్లు దానికి కలుపు. ట్యాంకరు మీద 5,000 అని రాసున్నా సంపులో పుల్ల దించి ముందూ వెనకా మట్టం చూడు. నీటి వాడకం ప్రమాణం ఐఎస్ 1172 ప్రకారం 100 పడకల లోపు ఆసుపత్రికి పడకకు రోజుకు 340 లీటర్లు, దాటితే 450. దానికి బాగా పైన ఉంటే ముందు ఫ్లష్ ట్యాంకులు, ఓవర్‌హెడ్ ట్యాంకు ఫ్లోట్ వాల్వు చూడు.

పోల్చే ఆసుపత్రులు కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడపల్లో కలిపి ఆరేడు చాలు. లాండ్రీ, వంటగది బయటికి ఇచ్చారా, ఎంఆర్ఐ ఉందా అన్నది ప్రతి ఒక్కరినీ అడుగు. లాండ్రీ బయటికిచ్చిన చోట నీళ్లూ కరెంటూ తక్కువ రావడం ఘనత కాదు. హౌస్‌కీపింగ్‌లోనూ అంతే. కడప బండలు పరిచిన పాత వార్డులో సందుల్లో మురికి రుద్ది తీయాలి, విట్రిఫైడ్ టైల్స్ కారిడార్లో మాపు ఒక్క ఊపున పోతుంది. మనిషికి ఇన్ని చదరపు అడుగులని రెండింటికీ ఒకే లెక్క కట్టొద్దు. సెక్యూరిటీలో 24 గంటల పోస్టుకు ముగ్గురని రాసేవాళ్లున్నారు. వారానికి 21 షిఫ్టులు, మనిషి చేసేది ఆరు, కాబట్టి సెలవులు కలపకుండానే మూడున్నర మంది. ఏఎంసీల్లో (యంత్రాల వార్షిక నిర్వహణ ఒప్పందాల్లో) విడిభాగాలు కలిసినవీ కలవనివీ విడి వరుసల్లో రాయి.

అరవై ప్రశ్నల ఫారం పంపితే ఎవరూ నింపరు. ఒక పేజీ, పన్నెండు ప్రశ్నలు. నువ్వే వెళ్లి, ఎలక్ట్రీషియన్ పక్కన కూర్చొని జనరేటర్ లాగ్‌బుక్ చూడు. లీటరు డీజిలుకు 3 నుంచి 3.5 యూనిట్లు రావాలి. రెండే వస్తుంటే జనరేటర్ తక్కువ లోడు మీద నడుస్తోంది, లేదా డీజిల్ లెక్క సరిగా లేదు. ఏజెన్సీల రేట్లు అడగొద్దు, మనుషుల సంఖ్య, పరిమాణాలే అడుగు. పేర్ల బదులు ఏ, బీ, సీ పెట్టి, ఫలితం పదిహేను రోజుల్లో అందరికీ పంపు. లేకపోతే వచ్చే ఏడు ఎవరూ గేటు తీయరు.

ఆరేడు అంకెల్లో సగటు తీయకు, ఒక్క పెద్దది అంతటినీ లాగేస్తుంది. వరుసగా పేర్చి నడిమి అంకె తీసుకో. మీది దానికి పైన ఉంటే, తక్కువున్న ఆసుపత్రికి మళ్లీ వెళ్లి కారణం కళ్లతో చూసి రా.

పోలిక లేకుండానే దొరికే డబ్బు ఒకటుంది. కాంట్రాక్టు డిమాండు (కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు) 250 కేవీఏ అయితే, నువ్వు వాడకపోయినా అందులో 80 శాతానికి, అంటే 200కి, కట్టాలి. మే నెలలో కూడా 150 దాటకపోతే నెలనెలా 50 కేవీఏ ఊరికే కడుతున్నట్టు. ముందు ఆ 12 బిల్లుల్లో ఆర్‌ఎండీ (ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండు) గడి చూసి, నకళ్లు నాకు పంపు.

మీ మామయ్య