ఇంటర్ హాస్టల్ గుర్తొస్తేనే దడ... ఇంజినీరింగ్‌లో మళ్లీ హాస్టలేనా?

ప్రశ్న: మేడమ్, మాది సూర్యాపేట. ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. కాలేజీ ఇబ్రహీంపట్నం దగ్గర, జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ. నాన్న కాలేజీ హాస్టల్లోనే ఉండాలంటున్నారు. ఏడాదికి 1,10,000 కట్టాలి, వచ్చే వారమే ఆఖరు తేదీ. అమ్మేమో కూకట్‌పల్లిలో పిన్ని వాళ్లింట్లో ఉండమంటోంది. నాకు మాత్రం ఇంటర్ ఫ్రెండ్స్ ఇద్దరితో కలిసి ఎల్బీ నగర్‌లో ఫ్లాట్ తీసుకోవాలని ఉంది. నా వాటా అద్దె నెలకు 6,000, కాలేజీ బస్సుకు ఏడాదికి 28,000. వాళ్లవి వేరే కాలేజీలు. ఒకరిది ఘట్‌కేసర్ వైపు, ఇంకొకరిది హయత్‌నగర్ దాటాక. ఫ్లాట్ మాటెత్తితే చాలు, ‘ఆడపిల్లకి అంత స్వేచ్ఛ ఎందుకు’ అని నాన్న అనుమానంగా చూస్తున్నారు. ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో ఎలా గడిపానో నాకే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు వింటేనే గుండె దడదడలాడుతుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో అద్దెలు, బస్సు ఫీజులు, దూరాలు అన్నీ వివరంగా రాశావు. నేను మళ్లీ మళ్లీ చదివింది మాత్రం ఆఖర్లో రాసిన ఆ నాలుగు ముక్కలు. ‘ఎవరికీ చెప్పలేదు’ అన్నావు చూడు, అసలు సంగతి అక్కడుంది. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న గొడవంతా ఆ చెప్పని మాట చుట్టూనే తిరుగుతోంది. మీ నాన్న దృష్టిలో హాస్టల్ అంటే గేటు, వార్డెన్, భద్రత. నీకు హాస్టల్ అంటే ఆ రెండేళ్లు. ఆయన ఒకదాని గురించి మాట్లాడుతున్నారు, నువ్వు ఇంకోదానికి భయపడుతున్నావు.

మన దగ్గర ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఇలాంటి పిల్లలు చాలామంది నా దగ్గరికి వస్తుంటారు. తెల్లవారుజామున ఐదింటికి విజిల్, బాత్రూమ్ దగ్గర బకెట్ల క్యూ, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్, వీకెండ్ టెస్టులో రెండు మార్కులు తగ్గితే సెక్షన్ మార్చెయ్యడం, ఆదివారం ఫోన్లో అమ్మ గొంతు వినగానే ఏడుపొస్తే వెనక నిలబడ్డవాళ్లు ‘టైమైపోయింది’ అనడం. పదహారేళ్ల పిల్లకి రెండేళ్లు అలా గడిస్తే ఆ పేరు వినగానే దడ రావడంలో వింతేమీ లేదు. నువ్వు పిరికిదానివి కావు. నీకు చదువు మీద శ్రద్ధ లేకనూ కాదు.

అందుకే ముందు నీ దడ గురించి చెబుతాను. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, సాయంత్రమయ్యేసరికి ఏడుపు రావడం, అన్నం సహించకపోవడం ఇప్పటికీ ఉంటే దాన్ని వదిలెయ్యొద్దు. 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న ఉచిత మానసిక ఆరోగ్య సేవ. ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కాలేజీలో చేరాక అక్కడ కౌన్సెలర్ ఉంటే కలువు. ఎక్కడ ఉండాలన్నది తేలేదాకా దీన్ని వాయిదా వెయ్యనక్కర్లేదు.

ఇక ఇంటి సంగతి. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఈ మొదటి ఏడాదికి కాలేజీ హాస్టలే మేలు. అయితే నువ్వు స్వయంగా వెళ్లి చూశాకే ఫీజు కట్టాలి. అది మరో ఇంటర్ హాస్టల్‌లా ఉంటే కట్టొద్దు, కాలేజీకి దగ్గర్లో మంచి లేడీస్ హాస్టల్ వెతకండి. ఫ్లాట్ మాట రెండో ఏడాదికి ఉంచుకో.

ఫ్లాట్ ఎందుకు వద్దంటున్నానో విను. మీ నాన్న భయపడే కారణాలు నావి కావు. మీ ముగ్గురివీ మూడు కాలేజీలు, మూడు దిక్కులు. ఒకరికి ఏడింటికి బస్సు, ఇంకొకరికి ఏడున్నరకి. ఒకరికి ల్యాబ్ ఉన్న రోజు ఇంకొకరికి సెలవు. కలిసి ఉంటామనుకుని తీసుకున్న ఇంట్లో చాలా సాయంత్రాలు నువ్వొక్కదానివే తాళం తీసుకుని లోపలికి వెళ్లాల్సొస్తుంది. పొద్దున ఆరింటికి కుక్కర్ పెట్టాలి. వాటర్ క్యాన్ అయిపోతే ఫోన్ చేసి తెప్పించుకోవాలి. గ్యాస్ ఎప్పుడైపోతుందో చూసుకోవాలి. అద్దె మూడో తారీఖు దాటితే ఓనర్ ఆంటీ వచ్చి బెల్లు కొడుతుంది. ఇవన్నీ నేర్చుకోదగ్గవే. కానీ ఇంజినీరింగ్ డ్రాయింగ్ షీట్లు, సీ ప్రోగ్రామింగ్, మ్యాథ్స్, మొదటి మిడ్ పరీక్ష, కొత్త మనుషులు అన్నీ ఒకేసారి మీద పడే ఆ మూడు నెలల్లోనే ఇవీ నేర్చుకోవాలా? ఇంకో మాట. ఆ స్నేహితులిద్దరూ నీకు స్టడీ అవర్స్‌లో పక్కన కూర్చున్నవాళ్లు, కష్టకాలంలో తోడున్నవాళ్లు. వాళ్లతో ఇల్లు నడపడం వేరే పని. అద్దె అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకి రాస్తారు. మధ్యలో ఒకరు మానేస్తే ఆ వాటా మిగతా ఇద్దరి మీదా పడుతుంది. డబ్బు దగ్గర తేడా వస్తే స్నేహం నిలబడదు. ఈ ఇద్దరినీ నువ్వు పోగొట్టుకోకూడదని నా కోరిక.

నీ లెక్కలో ఒక చిన్న పొరపాటు కూడా ఉంది. ఫ్లాట్ చవక అని అనుకుంటున్నట్టున్నావు. అద్దె ఏడాదికి 72,000. తిండికి ఎంత పొదుపుగా చూసినా నెలకి 4,000 అనుకుందాం, అది 48,000. కాలేజీ బస్సు 28,000. మొత్తం 1,48,000. అడ్వాన్సు, కరెంటు, వైఫై, గిన్నెలు, మంచాలు ఇంకా కలపలేదు. నాన్న దగ్గర డబ్బు లెక్కతో వాదిస్తే నువ్వే ఓడిపోతావు, అందుకే చెబుతున్నాను.

పిన్ని ఇల్లు ప్రేమగల చోటే. కానీ ఇబ్రహీంపట్నం ఎక్కడ, కూకట్‌పల్లి ఎక్కడ! మెట్రోలో దాదాపు ఆ కొస నుంచి ఈ కొసకి ఎల్బీ నగర్ దాకా వచ్చి, అక్కడ బస్సెక్కి సాగర్ రోడ్డు మీద ఇంకో ఇరవై కిలోమీటర్లు పోవాలి. రానూపోనూ రోజుకి నాలుగు గంటలు ఎటూ పోతాయి. పొద్దున్నే క్లాస్ తప్పుతూ ఉంటే హాజరు పడిపోతుంది. జేఎన్‌టీయూలో 75 శాతం ఉండాలి. 65 దాకా అయితే అనారోగ్యం లాంటి కారణం చూపించి మినహాయింపు అడగొచ్చు, అంతకంటే తగ్గితే పరీక్ష రాయనివ్వరు. ఈ ఒక్క లెక్క చాలు, అమ్మకి అర్థమవుతుంది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ వైపు లేడీస్ హాస్టళ్లు, పీజీలు బోలెడున్నాయి కదా అని ఎవరైనా చెప్పొచ్చు. వాటిలో ఎక్కువమంది గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో కోచింగ్ తీసుకునేవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు. నెలనెలా రూమ్మేట్లు మారిపోతుంటారు. మంచివాళ్లే ఉంటారు, కానీ నీ ఈడు వాళ్లు, నీ పుస్తకాలే చదివేవాళ్లు దొరకడం కష్టం. ‘రేపటి రికార్డు రాశావా’ అని అడిగే మనిషి పక్క గదిలో ఉండటం మొదటి ఏడాదిలో ఎంత ఆసరానో చేరిన నెలకే నీకు తెలుస్తుంది. జ్వరమొచ్చి క్లాసుకి రాకపోతే ‘ఏమైంది’ అని తలుపు కొట్టేదీ ఆ మనిషే. ఈ ఒక్కదాని కోసమే నేను కాలేజీ హాస్టల్ వైపు మొగ్గుతున్నాను.

మరి అది ఇంటర్ హాస్టల్‌లా ఉండదని ఎలా తెలుస్తుంది? వెళ్లి చూడు. నాన్నని తీసుకుని మామూలు రోజున, సాయంత్రం వెళ్లు. అడ్మిషన్ల రోజున అన్నీ తళతళలాడుతుంటాయి. రాత్రి ఏడున్నరకి మెస్‌లో కూర్చుని భోంచెయ్యి. నాన్న వార్డెన్‌తో మాట్లాడుతుండగా నువ్వు సెకండియర్ అమ్మాయిలిద్దరితో విడిగా మాట్లాడు. నువ్వు ముఖ్యంగా అడగాల్సింది ఒకటే: ‘ఇక్కడ స్టడీ అవర్స్ కంపల్సరీనా?’ చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో సాయంత్రం నాలుగింటి తర్వాత నీ టైమ్ నీదే. ఫోను, ల్యాప్‌టాప్ నీ దగ్గరే ఉంటాయి. ఇన్‌టైమ్ ఉంటుంది, బయటికెళ్లాలంటే అవుట్‌పాస్ తీసుకోవాలి, అంతవరకే. కొన్నిచోట్ల మాత్రం ఇప్పటికీ రాత్రి తొమ్మిదింటికి వరసలో కూర్చోబెట్టి చదివిస్తున్నారు. అలాంటి చోటైతే మొహమాటపడకు, అక్కడే నాన్నకి చెప్పెయ్యి. అర్ధరాత్రి జ్వరమొస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, ఎండాకాలంలో నీళ్లెలా వస్తాయి, వారాంతంలో ఇంటికెళ్లడానికి ఎవరి అనుమతి కావాలి అన్నవి కూడా కనుక్కో. ఫీజు రెండు విడతల్లో కట్టనిస్తారా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అన్నది మాత్రం నాన్న కాగితం మీద రాయించుకోవాలి.

ర్యాగింగ్ గురించి నువ్వు రాయలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ఫస్టియర్ వాళ్లకి హాస్టల్లో విడిగా వసతి ఇవ్వాలి. చేరేటప్పుడు నీతోనూ, నాన్నతోనూ అఫిడవిట్ తీసుకుంటారు. అందులో ఉన్నది చదివి సంతకం పెట్టండి. ర్యాగింగ్ మీద ఫిర్యాదు చెయ్యడానికి 1800-180-5522 నంబరు ఫోన్లో సేవ్ చేసుకో.

ఇప్పుడు నాన్నతో మాట్లాడటం. అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు, పిన్ని ఫోన్లో ఉన్నప్పుడు ఈ మాట ఎత్తకు. ఆయనొక్కరే తీరిగ్గా ఉన్న సమయం చూసి పక్కన కూర్చో. ఫ్లాట్ కావాలని మళ్లీ అడగకు. ఇలా మొదలుపెట్టు: ‘నాన్నా, నేను ఫ్లాట్ అడిగింది తిరగడానికి కాదు. ఇంటర్ హాస్టల్లో చాలా రోజులు ఏడ్చాను. మీకు చెబితే బాధపడతారని చెప్పలేదు. మళ్లీ అలా ఉంటుందేమోనని భయం.’ ఆయన ‘అందరూ ఉన్నారుగా, నువ్వొక్కదానివేనా’ అంటే అనొచ్చు. ఆ మాటకి నొచ్చుకుని లేచి వెళ్లిపోవద్దు. రెండేళ్లు నువ్వు దాచినది ఆయన ఒక్క నిమిషంలో వింటున్నారు, కాస్త సమయం పడుతుంది. ‘ఒకసారి నాతో వచ్చి చూడండి నాన్నా, చూశాక ఇద్దరం కలిసే తేల్చుకుందాం’ అను. తనని కూడా కలుపుకున్నావని తెలిస్తే ఏ తండ్రి మనసైనా కొంత మెత్తబడుతుంది.

ఈ జవాబు నాన్నగారికి కూడా చూపించు. నాన్నగారూ, మీ అమ్మాయి భద్రత గురించి మీరు పడే ఆదుర్దా నాకు అర్థమవుతుంది. కానీ ఆ పిల్లని అనుమానంగా చూసిన ప్రతిసారీ రేపు నిజంగా ఆపదొస్తే మీకు చెప్పే ధైర్యం దానికి ఒక మెట్టు తగ్గుతుంది. రెండేళ్లు నోరు మెదపకుండా మీ ఫీజుకి న్యాయం చేసి సీటు తెచ్చుకున్న పిల్ల అది. ఒక్క సాయంత్రం దుకాణమో, ఆఫీసో పక్కన పెట్టి దానితో వెళ్లి ఆ మెస్‌లో భోంచేసి రండి. ‘నచ్చకపోతే మొదటి సెమిస్టర్ అయ్యాక మారుద్దాం’ అని మీరే ముందుగా అనండి. ఆ ఒక్క మాటతో సగం దడ పోతుంది.

ఇంకోటి, తల్లీ. ఇంటర్‌లోలా నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండాల్సిన పని ఇప్పుడు లేదు. హయత్‌నగర్ వస్తే సూర్యాపేట బస్సులు అటే పోతాయి, రమారమి మూడు గంటల దూరం. మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు కూడా అక్కర్లేదు. ఆధార్ కార్డు దగ్గరుంచుకో. అమ్మ కూడా అదే బస్సెక్కి ఆదివారం నిన్ను చూడ్డానికి రావొచ్చు. మొదటి నెలలో రెండు వారాలకోసారి ఇంటికెళ్లిరా. అలవాటైతే దడ అదే తగ్గుతుంది, తగ్గకపోతే నాన్నకి చెప్పు.

పిన్నికి ఫోన్ మాత్రం నువ్వే చెయ్యి, అమ్మతో చెప్పించకు. ‘దూరం ఎక్కువ పిన్నీ, అందుకే రావట్లేదు, కానీ పండక్కి, పరీక్షలయ్యాక నీ దగ్గరికే వస్తాను’ అని చెప్పు. హాస్టల్ ఫారంలో లోకల్ గార్డియన్ పేరు అడుగుతారు. అక్కడ పిన్ని, బాబాయి పేర్లు రాయొచ్చా అని అదే ఫోన్లో అడుగు.