మానిఫోల్డ్ ఇనుములా కనిపించాలి, చిన్నా

చిన్నా,

మామయ్య ఆశీస్సులు. మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ టూని పాత కార్ల షోలో పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మీ రేకుల షెడ్డుని ఎగరేసుకుపోయింది. అప్పటి నుంచి ఆ బండి మళ్లీ రోడ్డెక్కుతుందని నేను అనుకోలేదు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి, అదే ఇంజన్ పొగని సైలెన్సర్ పైపులోకి పంపే గొట్టాల ముక్కకి, వెండిలా మెరిసే పెయింట్ వేయిస్తానన్నావు. వద్దురా. జడ్జి బానెట్ ఎత్తి వెతికేది మెరుపు కాదు, ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచి బండి బయటికొచ్చిన రోజున ఆ భాగం ఎలా ఉందో అది. అంబాసిడర్ మానిఫోల్డ్ పోత ఇనుము. కొంచెం గరుకుగా, బూడిద రంగులో, మెరుపు లేకుండా ఉంటుంది. అసలు కంటే అందంగా చేసినా మార్కులు పోతాయి. పాత జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్ల మానిఫోల్డ్‌కి కంపెనీయే నల్లటి గాజు ఎనామిల్ పూసేది, అక్కడ మెరుపే ఒరిజినల్. మన బండికి అది అతకదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు కూడా 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండికే ఆ గుర్తింపు ఇస్తున్నాయి.

మామూలు పెయింట్ అందంగా కనిపించినా నిలవదు. నా మొదటి బండికి నేనూ వెండి రంగే కొట్టాను. అనంతగిరి ఘాట్ సగం ఎక్కేసరికి బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. ఆపి చూస్తే పెయింట్ పొక్కులెత్తి రాలిపోతోంది. ఎత్తు మీద మానిఫోల్డ్ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి మామూలు ఎనామిల్ ఎక్కడ ఆగుతుంది?

ముందు విప్పడం గురించి చెప్తాను, సగం నష్టం అక్కడే జరుగుతుంది. తుప్పు పట్టిన స్టడ్ (మానిఫోల్డ్‌ని ఇంజన్‌కి పట్టి ఉంచే మర కడ్డీ) మీద పానా పెట్టి బలం చూపించకు. రెండు రాత్రులు తుప్పు వదిలించే ఆయిల్‌లో నానబెట్టు. అప్పటికీ కదలకపోతే నట్టు చుట్టూ గ్యాస్ మంటతో వేడి చేసి, మంట తీసేశాక కొవ్వొత్తి ఆనించు. కరిగిన మైనం నట్టు లోపలి మర గీతల్లోకి పాకుతుంది. మంట వెలిగించే ముందు మాత్రం కార్బురేటర్, పెట్రోల్ పైపు తీసి దూరంగా పెట్టాలి. ఈ ఇంజన్‌కి గాలీ పెట్రోలూ లోపలికి తెచ్చేదీ, పొగ బయటికి పంపేదీ, రెండు మానిఫోల్డ్‌లూ ఒకే వైపు ఉంటాయని మర్చిపోకు. తర్వాత నట్టుని ముందు కాస్త బిగించి, ఆపైన వదులు చెయ్యి. కరకరమంటే ఆపి మళ్లీ వేడి చెయ్యి. ఇంజన్ పైభాగం, అదే హెడ్‌లో స్టడ్ విరిగితే డ్రిల్ చేసి తీయడానికి ఒక రోజు పోతుంది.

బయటికొచ్చాక చిన్న సుత్తితో మెల్లగా కొట్టి చూడు. గంటలా మోగితే మంచిది, పగిలిన కుండలా బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. అలాంటిది గాజువాక ఆటోనగర్‌లో పోత ఇనుము వెల్డింగ్ బాగా తెలిసినవాడికే ఇవ్వాలి. ముందుగా వేడి చేసి, నికెల్ రాడ్‌తో అతికి, సున్నంలో పూడ్చి నెమ్మదిగా చల్లార్చాలి. గబగబా చల్లారితే పక్కనే ఇంకో పగులు వస్తుంది. తర్వాత అంచుల మీద ఉక్కు బద్ద నిలబెట్టి, దాని కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి ఉక్కు ఆకుల కట్ట) దూర్చు. 0.20 మిల్లీమీటర్ల ఆకు దూరితే నేను గ్రైండింగ్‌కి పంపుతాను. ఒకే వాషర్ రెండు మానిఫోల్డ్‌ల అంచుల్నీ పట్టే చోట అవి ఒకే మందంలో ఉండేలా చూసుకో, లేకపోతే ఒకటి బిగిసి రెండోది లీక్ అవుతుంది.

తుప్పు తీయడానికి బ్లాస్టింగే, అంటే గాలి ప్రెషర్‌తో రవ్వ కొట్టించడమే మేలు, కానీ తక్కువ ప్రెషర్‌తో, గార్నెట్ అనే గట్టి ఖనిజపు రవ్వతో చేయించు. మామూలు ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, పనివాడి ప్రాణం మన బండి కంటే ఎక్కువ. భీమిలి తీరంలో ఎర్రగా చారలు కనిపిస్తాయే, అందులో ఉండేదీ గార్నెట్టే. అలాగని బీచ్ ఇసుక బస్తాలో నింపుకు రాకు, అందులో ఉప్పుంటుంది. పోతలో అచ్చు పడిన నంబర్లు, అచ్చు రెండు సగాలు కలిసిన చోట పడే అతుకు గీత అలాగే ఉండాలి. ఆ గీత ఎబ్బెట్టుగా ఉందని ఆకురాయితో రుద్దేవాళ్లని చూశాను, బండి సాక్ష్యాన్ని చెరిపేసినట్టే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. మన విశాఖలో బ్లాస్టింగ్ అయిన ఇనుము సాయంత్రానికి నారింజ రంగుకి తిరుగుతుంది. సముద్రపు గాలి అలాంటిది. అందుకే జనవరిలో, ఎండ బాగా ఎక్కాక బ్లాస్టింగ్ చేయించి, అదే రోజు పూత పూయాలి. ఎంవీపీ కాలనీలో మీ ఇంటికి తెచ్చి రేపు చూద్దాంలే అనుకున్నావో, మళ్లీ మొదటికొస్తుంది. వట్టి చేతులతో ముట్టుకోకు, చెమటలోనూ ఉప్పే. గ్లోవ్స్ వేసుకుని, అసిటోన్‌లో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడువు. పోర్టుల (పొగ వెళ్లే రంధ్రాల) లోపల, గ్యాస్కెట్ (లీక్ ఆపే పల్చటి అట్ట) కూర్చునే చోట టేప్ అతికించు.

పూతకి 600 డిగ్రీలు పైన తట్టుకునే సిలికోన్ పెయింట్ కావాలి, పోత ఇనుము బూడిద రంగులో, మెరుపు లేనిది. పల్చగా రెండు మూడు కోట్లు చాలు. మందంగా పూస్తే గరుకుతనం మునిగిపోయి ప్లాస్టిక్ ముక్కలా కనిపిస్తుంది. దీన్ని వేడితో పండించాలి. సాధారణంగా 120 డిగ్రీల దగ్గర అరగంట, చల్లార్చి 200 దగ్గర అరగంట, మళ్లీ చల్లార్చి 315 దగ్గర అరగంట. డబ్బా మీద వేరేలా ఉంటే అదే చెయ్యి. వంటింటి ఓవెన్ వాడొద్దు. పౌడర్ కోటింగ్ షాపు ఓవెన్ 200 దాకా వెళ్తుంది, చివరి మెట్టు బండికి బిగించాక ఇంజన్ వేడితోనే పూర్తవుతుంది. పది నిమిషాలు నడిపి చల్లార్చు, తర్వాత ఇరవై. పొగ వస్తుంది, టెన్షన్ పడకు. బండి మాత్రం ఆరుబయటే ఉండాలి.

బిగించేటప్పుడు మధ్య నుంచి అంచులకి వెళ్లు. నట్లు ఇత్తడివే వాడు, తుప్పుతో పట్టెయ్యవు. గ్యాస్కెట్‌కి ఎర్ర సీలెంట్ పూయకు, అంచున తొంగి చూసే ఆ ఎరుపు జడ్జి కంట్లో పడుతుంది. మొదటి వేడి తర్వాత చల్లారాక మళ్లీ ఒకసారి బిగించు. షో రోజు పొద్దున్న నూనె రాసి నిగనిగలాడించే పని అసలే వద్దు, ఇంజన్ స్టార్ట్ చేయమనగానే కాలి కంపు కొడుతుంది.

నీ ఫోటోల్లో ముందు నుంచి మూడో స్టడ్ కాస్త వంగినట్టుంది. దాన్ని నువ్వు ముట్టుకోకు. ఆదివారం పొద్దున్నే మర్రిపాలెం నుంచి నేనే వస్తాను. ఉక్కు బద్ద, ఫీలర్ గేజ్ నా దగ్గర ఉన్నాయి. రెండు కొవ్వొత్తులు నువ్వు తెచ్చిపెట్టు.

మీ మామయ్య