మెడిటరేనియన్ క్రూజ్: పోర్ట్ వేరు, ఊరు వేరు

ప్రశ్న: నమస్తే అండి, జూన్‌లో ఫ్యామిలీతో క్రూజ్ బుక్ చేసుకున్నాం. నేను, మావారు, పదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప, అత్తయ్య, మావయ్య. బార్సిలోనాలో ఎక్కుతాం, తర్వాత మార్సే, జెనోవా, రోమ్, నేపుల్స్, మాల్టాలో వాలెట్టా. మావారు అప్పుడే ఎక్సెల్ షీట్ కూడా చేసేశారు, అందులో రోమ్ రోజున వాటికన్ మ్యూజియం, కొలోసియం, ట్రెవి ఫౌంటెన్ మూడూ ఉన్నాయి. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఇదంతా అయ్యే పనేనా?

జవాబు: అవ్వదమ్మా. షీట్‌లో తప్పేం లేదు గానీ మీవారు షిప్ రోమ్‌లో ఆగుతుంది అనుకుని వేసినట్టున్నారు. టికెట్ మీద రోమ్ అని ఉన్నా ఆగేది చివిటవెక్కియా అనే పోర్ట్‌లో, అక్కణ్ణించి రోమ్ దాదాపు 70 కిలోమీటర్లు. పొద్దున 8కి షిప్ ఆగిందే అనుకోండి, ఆరుగురు టిఫిన్ చేసి, పాప ఇంకోసారి బాత్రూమ్‌కి వెళ్ళి, బస్సులో స్టేషన్‌కి చేరి, టికెట్లు కొని, ట్రైన్‌లో ఇంకో గంట కూర్చుని రోమ్‌లో దిగేసరికి పదిన్నర. సాయంత్రం 6కి షిప్ కదిలితే అరగంటో గంటో ముందే లోపల ఉండాలి, అంటే రెండున్నరకల్లా మళ్ళీ ట్రైన్ వెతుక్కోవాలి. చేతిలో ఉండేది నాలుగు గంటలు, అందులో భోజనం కూడా. ఇంక మూడు ఎక్కడ చూస్తారు!

ఒక్కటే పెట్టుకోండి. పిల్లలుంటే నా ఓటు కొలోసియంకే, మెట్రో దిగి బయటికి రాగానే ఎదురుగా అదే కనపడుతుంది, పదేళ్ళ బాబు నోరు తెరుచుకుని చూస్తాడు. వాటికన్ మ్యూజియం అంటే మైళ్ళకొద్దీ నడక, జనం, నాలుగేళ్ళ పాపకి అంత ఓపిక ఎక్కడిది. పెద్దవాళ్ళకి సెయింట్ పీటర్స్ చర్చి చూడాలనుంటే చివిటవెక్కియా ట్రైన్లు రోమా సాన్ పియెత్రో అనే స్టేషన్‌లో ఆగుతాయి, అక్కణ్ణించి నడిచే దూరమే. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోకపోతే లోపలికి రానివ్వరు, ఎండాకాలం కదా అని బాబుకి పొట్టి నిక్కరు వేసి తీసుకెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

ఇది రోమ్ ఒక్కదానికే కాదు. ఫ్లోరెన్స్ అని రాస్తే షిప్ లివోర్నోలో ఆగుతుంది. వెనిస్ అయితే 2021 నుంచి పెద్ద షిప్పుల్ని ఊరి ముందు కాలువలోకి రానివ్వట్లేదు, కొన్ని రవెన్నాలో ఆపి అక్కణ్ణించి బస్సుల్లో తీసుకెళ్తాయి. బుక్ చేసేముందు ఊరి పేరు కాదు, పోర్ట్ పేరు అడగాలి.

నేపుల్స్ దానికి పూర్తిగా రివర్స్, షిప్ ఊరి గుమ్మంలోనే ఆగుతుంది. అందరూ పాంపీకి పరిగెడతారు, బాగుంటుంది కూడా, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిద కింద పడిపోయిన ఊరు, బేకరీ పొయ్యిలు, రోడ్డు దాటడానికి మధ్యలో వేసిన రాళ్ళు అలాగే ఉన్నాయి. 18 ఏళ్ళలోపు పిల్లలకి టికెట్ ఫ్రీ. కానీ ఆ రోడ్లన్నీ ఎగుడుదిగుడు బండలు, నీడ బాగా తక్కువ, స్ట్రోలర్ తీసుకెళ్తే అది పల్లకీ అయిపోతుంది, మోసేది మీరే. అందుకని ఆ రోజు విడిపోండి. మీవారు, బాబు గారిబాల్డి స్టేషన్‌కి వెళ్ళి పాంపీ లోకల్ ట్రైన్ ఎక్కనీ, 40 నిమిషాలు పడుతుంది, రద్దీ ఎక్కువ, జేబులు జాగ్రత్త. మీరు, పాప, పెద్దవాళ్ళు పోర్ట్ ఎదురుగా ఉన్న పాత కోట చూసి, నెమ్మదిగా ప్లెబిషితో చౌక్ దాకా నడిచి, పిజ్జా తిని వెనక్కి వచ్చేయండి. కలిసి వచ్చాం కాబట్టి ప్రతి గంటా కలిసే తిరగాలి అనే పట్టుదలతోనే చాలా ట్రిప్పులు మూడో రోజుకి గొడవల్లోకి దిగుతాయి, మా ఇంట్లోనూ అదే జరిగింది, రెండోసారికి బుద్ధొచ్చింది.

అత్తయ్యగారికి అసలైన రోజు వాలెట్టా. షిప్ గ్రాండ్ హార్బర్‌లోకి వచ్చేటప్పుడు ఎంత పొద్దున్నయినా సరే డెక్ మీదకి తీసుకెళ్ళండి, రెండు పక్కలా తేనె రంగు కోట గోడలు, టికెట్ లేకుండా అంతకంటే మంచి సీన్ ఇంకోటి దొరకదు. కింద హార్బర్ దగ్గర్నించి పైన తోటకి 58 మీటర్ల లిఫ్ట్ ఉంది, మోకాళ్ళతో పనే లేదు. మధ్యాహ్నం 12కి ఆ తోట కింద ఫిరంగి పేలుస్తారు, పాపకి ముందే చెప్పి చెవులు మూయించండి.

జెనోవాలో పాత హార్బర్ దగ్గర పెద్ద అక్వేరియం ఉంది, 1992లో కట్టారు, పిల్లలకి అది చాలు. మార్సే... నిజం చెప్పమంటే ఆ రోజు అలిసిపోతే దిగకండి, అందరూ ఊళ్ళోకి పోతే స్విమ్మింగ్ పూల్ మొత్తం మీదే.

ప్రశ్న: టూర్లు షిప్ వాళ్ళ దగ్గరే కొనాలా, బయట చూసుకోవచ్చా? రేటు చూస్తే గుండె ఆగిపోతోంది.

జవాబు: పోర్ట్ దగ్గరే ఊరుంటే బయటే చూసుకోండి. దూరం ఊరైతే ఆ ఎక్కువ డబ్బు దేనికంటే, వాళ్ళ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే షిప్ ఆగుతుంది, మీ ట్యాక్సీ ఇరుక్కుంటే ఆగదు, తర్వాతి పోర్ట్‌కి సొంత ఖర్చుతో వెళ్ళి ఎక్కాలి. ఇంకో సంగతి, టైమ్. ఇటలీ కంటే గ్రీస్ గంట ముందు. ఒకసారి మా షిప్ గడియారం ఇటలీ టైమ్‌లోనే ఉంది, మా వదిన ఫోన్ గ్రీస్ టైమ్‌కి మారిపోయింది, అది చూసి పరుగెత్తుకుంటూ వచ్చి గంటసేపు ఎండలో కూర్చున్నాం. తిట్టుకున్నాం గానీ, అదే అటూఇటూ అయ్యుంటే షిప్ వెళ్ళిపోవడం చూస్తూ నిలబడేవాళ్ళం. రోజూ రూమ్‌లో పెట్టే కాగితం మీద టైమ్ ఏదో చూసి మామూలు వాచీ పెట్టుకోండి.

ప్రశ్న (ఇంకొకరు): మా రూట్‌లో గ్రీస్‌లో సాంటోరిని, టర్కీలో కుసదాసి ఉన్నాయి. మా ఇండియన్ పాస్‌పోర్టులకి షెంజెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకే వీసా) సింగిల్ ఎంట్రీ సరిపోతుందా? అమ్మకి మోకాలు ఆపరేషన్ అయింది.

జవాబు: సరిపోదు. టర్కీ షెంజెన్‌లో లేదు, అక్కడ దిగి మళ్ళీ గ్రీస్‌కి వచ్చారంటే రెండోసారి ఎంట్రీ అయినట్టే, మల్టిపుల్ ఎంట్రీ తీసుకోండి. టర్కీ వీసా వేరే, అది కూడా ముందే చూసుకోండి.

సాంటోరినిలో షిప్ ఒడ్డుకి రాదు, సముద్రంలోనే ఆగుతుంది, చిన్న బోట్లలో దించుతారు. అక్కణ్ణించి కొండ మీది ఫిరా ఊరికి కేబుల్ కార్ ఉంది, లేదంటే దాదాపు 600 మెట్లు, లేదంటే గాడిదలు. అమ్మగారికి కేబుల్ కారే, ఇంకో మాట లేదు, మొదటి బోట్లలో దిగితే క్యూ కాస్త తక్కువ, మధ్యాహ్నం దిగే క్యూ మాత్రం భయంకరం. ఆవిడ దిగనంటే బలవంతం చేయకండి, ఆ తెల్ల ఇళ్ళు కింద సముద్రం మీంచి చూస్తేనే అందం.

కుసదాసిలో మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి, ఎఫెసస్ అక్కణ్ణించి 20 కిలోమీటర్లే. ఆ పాత ఊరు ఏటవాలుగా ఉంటుంది, గేట్లు రెండు. ట్యాక్సీ అతనికి పై గేటు దగ్గర దించి కింది గేటు దగ్గర ఉండమని చెప్పండి, సెల్సస్ లైబ్రరీ దాకా అంతా దిగుడే.