ముయో ఎవరివాడు? రాత్రి షిఫ్టులో విన్న తగాదా

"బోస్నియా వీరగాథల్లో వచ్చే ముయో హర్న్యిత్సా, అల్బేనియా పాటల్లో వచ్చే జెతో బాషో ముయి ఒకరేనా? నిజంగా బతికిన మనిషేనా? ఇంతకీ ఎవరి వీరుడు?" అని ఒకరు నన్ను అడిగారు.

ఒకరే. అందమైన తమ్ముడు హలీల్ రెండు చోట్లా ఉన్నాడు. ఒమెర్ కూడా రెండు చోట్లా ఉన్నాడు, కాకపోతే బోస్నియా పాటల్లో చిన్న తమ్ముడు, అల్బేనియా పాటల్లో కొడుకు. మిగతా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే మాత్రం మా అమ్మాయి పుట్టినప్పటి సంగతి చెప్పాలి. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ముందుగా ఒక విసుగు. ఇంగ్లీషు అక్షరాలు చూసి 'ముజో' అని రాయకండి. అక్కడి 'జె' అక్షరాన్ని 'య' అని పలుకుతారు. ముయో. ఇంకో విసుగు: ఈ పేరు పెట్టి ఇంటర్నెట్‌లో వెతికితే సగం జోకులే వస్తాయి. బోస్నియాలో ముయో చాలా మామూలు ముద్దుపేరు. అక్కడి జోకుల్లో ముయో, హాసో, ఫాటా అని ముగ్గురుంటారు. మీకు కావలసిన వీరుడికీ ఆ జోకుల ముయోకీ ఏమీ సంబంధం లేదు. వీరుడి అసలు పేరు ముస్తఫా అంటారు.

ఇక కథ. జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ చూసేవాణ్ణి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా షిఫ్టు. అప్పుడే అమ్మాయి పుట్టింది. అత్తగారు వచ్చి రెండు నెలలు ఉంటారని అన్నీ సిద్ధం చేసుకున్నాం. వీసా అపాయింట్‌మెంట్ దొరికేసరికి పాపకు అయిదో నెల. ఆ ఆన్‌లైన్ పేజీ ముందు నేను కూర్చున్న గంటలు జీతానికి లెక్కగడితే విమానం టికెట్టు వచ్చేది. సరే, అది వదిలేద్దాం.

పాప ఎత్తుకుంటే పడుకునేది, దించితే గుక్కపట్టేది. అక్కడి తొట్టిమంచం ఊగదు. మా ఆవిడ తన పాత నూలు చీరతో ఉయ్యాల కడదామంది. ఎక్కడ కడతాం? అద్దె ఇల్లు, పైకప్పుకు కొక్కెం దిగ్గొట్టనివ్వరు. చివరికి తలుపు చట్రంలో బిగించే కసరత్తు బార్ కొనుక్కొచ్చి, దానికి చీర కట్టాం. పాప హాయిగా పడుకుంది. ఊపుతున్నంతసేపే. చెయ్యి ఆపితే కళ్ళు తెరిచేది. పగలంతా నేను ఊపడం, రాత్రంతా డ్యూటీ. మూడో వారానికి నా కళ్ళు చింతనిప్పుల్లా తయారయ్యాయి.

మా షిఫ్టులో కొసోవో అల్బేనియన్ ఒకాయన ఉండేవాడు. పేయా ఊరికి పైన రుగోవా కొండల్లో పుట్టాడు, అరవై దాటాయి. ఇక్కడ పేయా ఆయన అంటాను. ఒక రాత్రి రెండింటికి కాఫీ మెషిన్ దగ్గర నేను నిలబడే కునికిపాట్లు పడుతుంటే ఏమైందని అడిగాడు. ఉయ్యాల సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఊపు, ఊపు. ముయికి బలం అలాగే వచ్చింది" అన్నాడు.

ముయి ఎవరని అడిగాను. ఆ రాత్రి పావుగంట బ్రేకు కాస్తా నలభై నిమిషాలయింది.

ఆయన చెప్పింది ఇది. ముయి చిన్నప్పుడు బక్కపలచని పిల్లాడు. తండ్రి ఒక డబ్బున్నవాడి దగ్గర పసుల కాపలాకు పెట్టాడు. కొండమీద తోటి కాపరులు రోజూ కొట్టేవాళ్ళు. ఒకరోజు ఆవులు తప్పిపోయాయి. వెతికి వెతికి చీకటి పడింది. ఒక బండ పక్కన రెండు ఉయ్యాలలు, వాటిలో ఇద్దరు పసిబిడ్డలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. చుట్టుపక్కల మనుషులెవరూ లేరు. పిల్లాడు భయపడి పారిపోలేదు. కూర్చుని రెండింటినీ ఊపాడు, వాళ్ళు పడుకునేదాకా. అంతలో రెండు వెలుగులు వచ్చాయి. అవి జానలు. అల్బేనియా కొండల్లో ఉండే దేవకన్యలన్నమాట, మంచిగా ఉంటే మంచి, కోపమొస్తే మనిషిని రాయిని చేసేస్తాయి. మా బిడ్డల్ని ఊపింది నువ్వా, ఏం కావాలో కోరుకో అన్నాయి. బలమా, డబ్బా, భాషలా?

ఇక్కడ నేను ఆయన్ని ఆపాను. భాషలు కూడా ఉన్నాయా అని. అప్పటికి నేను జర్మన్ భాష బి1 స్థాయి పరీక్ష రెండుసార్లు తప్పాను. నేనైతే మారుమాట్లాడకుండా భాషలు అడిగేవాణ్ణి. ముయి బలం అడిగాడు, ఆ కాపరుల్ని తిరిగి కొట్టడానికి. జానలు చనుబాలు పట్టాయి. అదిగో ఆ బండ ఎత్తు అన్నాయి. చీలమండ దాకా లేచింది. ఇంకాస్త పాలు. మోకాలి దాకా. ఇంకాస్త. నడుము దాకా. ఆ తర్వాత భుజం దాకా. అప్పుడు ఒక జాన రెండోదానితో అంది: ఇక చాలు, ఇంకా పట్టామంటే వీడు భూమిని తలకిందులు చేస్తాడు. చివరికి అన్నాచెల్లెళ్ళుగా ఒట్టు పెట్టుకున్నారు.

మర్నాడు కాపరుల సంగతి ఏమైందో మీరే ఊహించుకోండి.

సరిగ్గా అప్పుడు మా షిఫ్టులోనే ఉన్న ఇంకొకాయన కాఫీకి వచ్చాడు. బోస్నియా వాయవ్య మూల, క్రొయేషియా సరిహద్దు మీద ఉన్న వెలికా క్లాదుషా ఆయనది. 1990ల్లో యుద్ధంలో వచ్చేశాడు. ముయి పేరు చెవిన పడగానే కప్పు పట్టుకుని ఆగిపోయాడు. "ముయో మా ఊరివాడు. మా కోట వాడు. మీకెలా వచ్చాడు?"

అంతే, దాయాదుల ఆస్తి పంపకాలు మొదలు. ముందు జర్మన్‌లో. కోపం పెరిగేసరికి సెర్బో-క్రొయేషియన్‌లోకి మారిపోయారు, పేయా ఆయన యుగోస్లావియా సైన్యంలో ఉండగా నేర్చుకున్నాడు ఆ భాష. మధ్యమధ్య నాకోసం మళ్ళీ జర్మన్. జడ్జి నేనే అన్నట్టు.

"మీ పాటల్లో ముయి ఏ ఊరు?" అని క్లాదుషా ఆయన అడిగాడు. "యుత్బీనా" అన్నాడు పేయా ఆయన. "ఉద్బీనా! అది లీకా ప్రాంతం, క్రొయేషియాలో ఉంది. మా ఇంటి నుంచి కారేసుకుని వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి తిరిగొస్తాను. మీ వీరుడి ఊరు మా పక్కన ఎందుకుంది?" పేయా ఆయన కాసేపు ఏమీ అనలేదు. నాకూ అది గట్టి సాక్ష్యమే అనిపించింది. లీకా ఒట్టోమన్ తురుష్కుల చేతిలోంచి 1689లో జారిపోయింది. అక్కడి ముస్లింలు బోస్నియాలోకి వచ్చేశారు. పాటలు మాత్రం అక్కడితో ఆగలేదు, సెర్బియాలోని నోవి పజార్ మీదుగా అల్బేనియా కొండలదాకా నడిచాయి. ముయో గుర్రం పేరు చూడండి: బోస్నియాలో జోగాత్, అల్బేనియాలో జోగ్. బోస్నియా వీరగాథల్లో పాదానికి 10 అక్షరాలు. అల్బేనియన్ల సొంత చరిత్ర పాటలు ఎక్కువగా 8 అక్షరాల్లో నడుస్తాయి, ముయి పాటలకు వచ్చేసరికి 10 అవుతాయి.

అయితే కేసు క్లాదుషా వైపే తేలిందా? నేనూ అనుకున్నాను. అప్పుడు పేయా ఆయన వాదన మానేసి ఫోన్ తీశాడు. లహుత పెట్టాడు. ఒకే తంతి ఉండే వాయిద్యం, గుర్రం వెంట్రుకలతో చేసిన తంతి, కమానుతో వాయిస్తారు. బోస్నియా, సెర్బియాల్లో గుస్లే అంటారు దాన్ని. మొదటిసారి వింటే తుప్పుపట్టిన తలుపు తెరుస్తున్నట్టు ఉంటుంది, నిజం చెప్పాలిగా. రెండు నిమిషాలకు అలవాటవుతుంది. ఆ పాట ముయి భార్య అయ్‌కూనాది. కొడుకు ఒమెర్ చనిపోయాడు. ఆమె అడవిలో పడి వాడి సమాధి దగ్గరకు పరుగెడుతూ చందమామను తిడుతుంది: నీ వెలుగు ఆరిపోను, ఓ ధన్యుడా, ఆ రాత్రి నాకు ఒక్క కబురు పంపలేకపోయావా అని.

శాపం పెడుతూనే ధన్యుడా అని పిలుస్తుంది. పేయా ఆయన ఆ ముక్కను నాకు రెండుసార్లు విడమరిచి చెప్పాడు. క్లాదుషా ఆయన కాఫీ చల్లారిపోయింది. చాలాసేపటికి, "మా తాత తంబూరా మీద పాడేవాడు. మా వైపు గుస్లే కాదు, తంబూరాయే. ఈ పాట మాత్రం నేను వినలేదు" అన్నాడు. ఆయన ముఖం చూస్తే తాతను తలుచుకుంటున్నాడో, ఓడిపోయానని అనుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు. ఈలోపు సూపర్‌వైజర్ వచ్చి గడియారం చూపించాడు.

ఆ తర్వాత నాకు పిచ్చి పట్టుకుంది. పాపను ఊపుతూ ఎడమచేత్తో ఫోన్లో దొరికిందల్లా చదివాను. అందులో దొరికిన ఒక మనిషి ఈ ప్రశ్నకు అసలైన జవాబని నా నమ్మకం. మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ ప్రొఫెసర్, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1930ల్లో యుగోస్లావియా గాయకుల పాటలను అల్యూమినియం పలకల మీద రికార్డు చేశారు. గ్రీకు కవి హోమర్ కావ్యాలు ఎలా పుట్టాయో, ఇంకా బతికున్న పాటగాళ్ళను చూసి తెలుసుకుందామని వాళ్ళ ఆశ. ఇప్పటి మాంటెనెగ్రోలోని బియెలో పోల్యేలో అవ్దో మెజెదోవిచ్ అనే కసాయి దొరికాడు, చదువు రాదు. అచ్చులో సుమారు 2160 పాదాలున్న పాటను ఎవరో చదివి వినిపిస్తే, ఆయన 1935లో దాన్ని 12,311 పాదాలుగా చెప్పాడు. హోమర్ ఒడిస్సీ అంత. అందరూ ఆయన్నే పొగుడుతారు. నాకు నచ్చింది మాత్రం నోవి పజార్‌లో వాళ్ళకు దొరికిన సాలిహ్ ఉగ్ల్యానిన్. మాతృభాష అల్బేనియన్. ఇదే వీరుల పాటలు రెండు భాషల్లోనూ పాడగలడు. ఆయన ముందు నిలబడి "ముయో ఎవరివాడండీ" అని అడిగి చూడండి. ఈరోజు ఏ భాషలో వింటావు అని ఆయనే మిమ్మల్ని ఎదురడిగేవాడు!

ఇంకో సంగతి. ఉత్తర అల్బేనియా కొండల్లో ఈ పాటలు పాడినవాళ్ళలో చాలామంది కాథలిక్కులు. ముయి, హలీల్ ముస్లింలు. పాటలు సేకరించి 1937లో అచ్చువేసిన బెర్నార్డిన్ పలాయ్, దోనాత్ కుర్తి ఫ్రాన్సిస్కన్ సన్యాసులు. మరి మతాన్ని బట్టి తేల్చుదామంటే ఎలా తేలుస్తారు?

"నిజంగా ఉన్నాడా" అనే ప్రశ్న నాకు ఒళ్ళుమంట. మాది పల్నాడు. కారెంపూడి వీరుల గుడి తిరునాళ్ళలో వీరవిద్యావంతులు పాడుతుంటే పక్కన నిలబడి, బాలచంద్రుడికి శాసనం ఉందా అని వాదించే పెద్దమనిషి ఒకరు ప్రతి ఏడాదీ తగులుతాడు. పాట వినవయ్యా ముందు! ముయో విషయంలో అయితే 17వ శతాబ్దంలో సరిహద్దు మీద కొట్లాడిన ఒక క్లాదుషా సైనికుడు ఈ పాటల వెనుక ఉన్నాడని సాధారణంగా చెబుతారు. సరే, ఉన్నాడు. ఆయన జానల పాలు తాగలేదుగా. సెర్బులు తమ మార్కో క్రాల్యేవిచ్ గురించి కూడా ఇలాంటి కథే చెబుతారు: విలా బిడ్డకు ఎండ తగలకుండా నీడ పట్టాడని, అందుకు ఆమె పాలిచ్చిందని. జానకు అటువైపు పేరు విలా. ముస్లిం వీరుడికీ, అతనితో కొట్లాడే క్రైస్తవ వీరుడికీ బలం ఒకే చోటు నుంచి వచ్చింది. బిడ్డను చూసుకున్నందుకు.

అందుకే ఎవరైనా "బాల్కన్ భీముడు" అని రాస్తే నాకు చిరాకు. ఆ కండల బొమ్మలు, కత్తి ఎత్తిన పోజులు, వెనకాల మంటలు. ఏ పాటలో చూశారో! యుద్ధాలు నేనూ కొన్ని చదివాను, అన్నీ ఒకేలా ఉంటాయి: సవాలు, గుర్రం, తల నరకడం. నవ్వుకోవాలంటే బుదలీనా తాలే అనే పాత్రను చూడండి, చిరుగు బట్టలేసుకుని వచ్చి అందరికంటే తెలివిగా పనిచేస్తాడు. ఏడవాలంటే అయ్‌కూనా. మిగతాది నేను దాటేశాను.

ఇంకో మాట అంటాను, పండితులు కొట్టినా సరే. లహుత పట్టుకునేది మగవాళ్ళే, వీధిలో పాడేదీ వాళ్ళే. కానీ ఆ ఉయ్యాల పాట మాత్రం ఆడవాళ్ళే కట్టి ఉంటారు. ఊపడం ఆపితే బిడ్డ లేస్తుందని, లేచిన బిడ్డను మళ్ళీ పడుకోబెట్టడానికి బండ ఎత్తేంత బలం కావాలని తెల్లవార్లూ మేలుకున్న మనిషికి తప్ప ఎవరికి తెలుస్తుంది? రుజువు అడక్కండి. నేను నాలుగు నెలలు ఊపాను, అదే రుజువు.

పేయా ఆయన ఇప్పుడు రిటైరయ్యాడు. క్లాదుషా ఆయన రంజాన్‌కు ఫోన్ చేస్తాడు, పాప ఎలా ఉందని అడుగుతాడు. ఆ నెలలో తాత కాఫీ హోటల్లో రాత్రికో పాట చొప్పున పాడేవాడని చెబుతుంటాడు.

మేమేమో ఆ ఇల్లు ఖాళీ చేశాం. ఆ నాలుగు నెలల ఊపుకి నాకు బలమూ రాలేదు, డబ్బూ రాలేదు, భాషా రాలేదు. తలుపు చట్రం మీద కసరత్తు బార్ గీతలు పడ్డాయని ఇంటాయన డిపాజిట్‌లో 120 యూరోలు కోశాడు. అక్కడ బిడ్డ ఉయ్యాల కట్టామని చెప్పబోయాను గానీ, దానికి సరైన జర్మన్ మాట నాకు తట్టలేదు.