ఆ లింక్ మీకేమవుతుంది?

ప్రశ్న: ఒక పేజీలోని తప్పుల్ని ఎత్తిచూపుతూ వ్యాసం రాసి, నా వెబ్‌సైట్‌లో ఆ పేజీకి లింక్ ఇచ్చాను. దాంతో నేనే దానికి ప్రచారం చేసినట్టయిందని స్నేహితుడు అంటున్నాడు. లింక్ ఎందుకిచ్చానో కంప్యూటర్‌కి చెప్పే వీలుందా?

జవాబు: మీ స్నేహితుడి మాటలో నిజముంది. ఈ టెన్షన్ నేనూ పడ్డాను. ఒక తప్పుడు వైద్య సలహాను వాక్యం వాక్యం పట్టుకుని ఖండించి, పాఠకులు పోల్చి చూసుకుంటారని అసలు పేజీకి లింక్ ఇచ్చాను. చదివేవాళ్లకి నా కోపం తెలుస్తుంది. సెర్చ్ ఇంజన్ మాత్రం మామూలుగా లింక్‌ని సిఫార్సు కిందే జమకడుతుంది.

పేజీ వెనక ఉండే కోడ్‌లో లింక్‌ని రాసే చోటు లింక్ ట్యాగ్. అందులో హెచ్‌రెఫ్ అనే భాగం ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. దాని పక్కన రాసే రెల్, 'ఆ పేజీ మీకేమవుతుంది?' అన్నదానికి జవాబు. రచయిత పేజీ అయితే ఆథర్, వాడుక హక్కుల పేజీ అయితే లైసెన్స్. మీకు పనికొచ్చేది నోఫాలో: 'దీనికి నా పూచీ లేదు' అని. గూగుల్ 2005లో తెచ్చింది. 2019 నుంచి దాన్ని ఆజ్ఞగా కాక సూచనగానే తీసుకుంటోంది.

అయితే పూచీ లేదనడం వేరు, ఒప్పుకోననడం వేరు. రెండోది చెప్పడానికీ ఒకప్పుడు ఓట్ లింక్స్ అనే పద్ధతి వచ్చింది. అదే ట్యాగ్‌లో రెవ్ అనే చోట 'ఓట్-అగైన్‌స్ట్' అని రాస్తే వ్యతిరేక ఓటన్నమాట. అది పెద్దగా వాడుకలోకి రాలేదు. వెబ్ పేజీలు రాసే భాషకి తర్వాతొచ్చిన రూపం హెచ్‌టీఎమ్‌ఎల్5 ఏకంగా రెవ్‌నే తీసేసింది. నాకది ఇప్పటికీ బాధే. ఎందుకంటే, 1989లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ, సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో వెబ్ కోసం ఇచ్చిన ప్రతిపాదన మొదటి పేజీలో ఒక బొమ్మ ఉంది. అందులో బాణాల మీద 'వర్ణిస్తుంది', 'రాశారు', 'ఉదాహరణకు' అన్న అర్థాలొచ్చే మాటలున్నాయి. వెబ్ పుట్టకముందే ఆయన లింకులకు వరసలు కలిపాడు! మనమే ఉత్త బాణాలు మిగుల్చుకున్నాం.

కాబట్టి నోఫాలో పెట్టండి, మిగతాది లింక్ మాటల్లోనే చెప్పండి. చూపులేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో లింకులను మాత్రమే వరసగా వినే వీలుంది. అప్పుడు 'ఇక్కడ నొక్కండి' అని వినబడితే వాళ్లకేం తెలుస్తుంది? నా పాత వ్యాసంలో ఆ రెండు మాటలూ కొట్టేసి, 'నేను ఖండిస్తున్న సలహా ఇదే' అని మార్చాను.