19/32, 25/32, 31/32 సాకెట్లు దేనికి?

నమస్కారమండీ. అమెరికాలోని ఒహాయోలో కొన్న పాత పెట్టెలో 19/32, 25/32, 31/32 అంగుళాల సాకెట్లు (నట్టు లేదా బోల్టు తలపై తొడిగి తిప్పే పనిముట్లు) ఉన్నాయని, మీ బోల్టుల్లో ఒక్కదానికీ పట్టడం లేదని రాశారు. అవి తయారీ లోపాలు కావు, పారేయకండి.

1864లో ఫిలడెల్ఫియాలో యంత్రాల తయారీదారు విలియం సెల్లర్స్ బోల్టులు, నట్ల కొలతలకు ప్రతిపాదించిన పద్ధతిలో నట్టు ఎదురెదురు పలకల మధ్య దూరానికి ఒక లెక్క ఉంది: బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, దానికి 1/8 అంగుళం అదనం. 7/16 బోల్టు తీసుకోండి. ఒకటిన్నర రెట్లు 21/32, దానికి 4/32 కలిపితే సరిగ్గా మీ 25/32. అలాగే 5/16 బోల్టుకు 19/32, 9/16కు 31/32. తర్వాతి ప్రమాణాల్లో నట్లు, బోల్టు తలలు చిన్నవయ్యాయి. ఇప్పుడు 5/16 బోల్టు తల 1/2 అంగుళమే. అందుకే మీ సాకెట్లకు పని లేకుండా పోయింది. పాత ట్రాక్టర్లు, లేత్‌లు బాగుచేసేవారికి మాత్రం ఇవి బంగారం.

19/32 అంటే 15.08 మిల్లీమీటర్లు కాబట్టి 15 మి.మీ. నట్లకు దాన్ని నిశ్చింతగా వాడుకోండి. 25/32 అంటే 19.84, 20 మి.మీ. నట్టు అందులో దూరదు, సుత్తితో కొట్టి ఎక్కించకండి.

పెట్టెలో పానాలు కూడా ఉంటే వాటిపై డబ్ల్యు (విట్‌వర్త్, బ్రిటిష్ బోల్టు ప్రమాణం) లేదా బీఎస్‌ఎఫ్ (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్, సన్న మరల ప్రమాణం) అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే అవి బ్రిటిష్‌వి. వాటిపై ఉన్న అంకె బోల్టు వ్యాసం, పానా నోటి వెడల్పు కాదు. 1/4 డబ్ల్యు నోరు 0.525 అంగుళం. పాత బుల్లెట్ మోటారు సైకిళ్లకు అవే కావాలి.